టర్బైన్ పనిలో పావు వంతు కండెన్సర్‌దే: కోల్డ్ స్టార్ట్ నుంచి వాక్యూమ్ వేట దాకా నా అనుభవం

మా విద్యుత్ కేంద్రంలో ఆవిరి టర్బైన్ ఆగి వారం దాటింది. హెచ్‌పీ (అధిక ఒత్తిడి) కేసింగ్ లోహం 100 డిగ్రీల లోపే ఉంది కాబట్టి ఇది కోల్డ్ స్టార్ట్. బాయిలర్ వెలిగించి, ఆవిరి టర్బైన్‌కు పనికొచ్చే స్థితికి వచ్చేలోపు మావైపు చేయాల్సిన పని చాలా ఉంటుంది. కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ల చూపంతా స్టాప్ వాల్వుల మీద, స్పీడ్ మీటరు మీద ఉంటుంది. నా చూపు మాత్రం ఎప్పుడూ కింది అంతస్తులో, ఎల్‌పీ (తక్కువ ఒత్తిడి) టర్బైన్ పొట్ట కింద ఉన్న కండెన్సర్ మీదే. టర్బైన్‌లో పని చేసి వచ్చిన ఆవిరిని చల్లటి నీళ్ల ట్యూబుల మీద మళ్లీ నీరు చేసేది అదే. ఎందుకో లెక్కతో సహా చెప్తాను. ముందు పని వరస చూద్దాం.

మొదట లూబ్ ఆయిల్. బేరింగులకు వెళ్లే నూనె 40 డిగ్రీలకు తగ్గకూడదు. చల్లటి నూనె చిక్కగా ఉండి, వేగం పెరిగేటప్పుడు బేరింగులో నూనె పొర నిలకడ తప్పుతుంది, రోటర్ ఊగుతుంది. తర్వాత జాకింగ్ ఆయిల్ పంపు. పదుల టన్నుల రోటర్ బాబిట్ లోహం పోసిన బేరింగుల మీద కూర్చుని ఉంటుంది. కింద నుంచి వంద బార్‌కు (ఒక బార్ దాదాపు బయటి గాలి ఒత్తిడి) అటూ ఇటూ ఒత్తిడితో నూనె ఎక్కిస్తే అది మిల్లీమీటరులో వందో వంతుల్లో పైకి లేస్తుంది. ఆ మాత్రం చాలు, బారింగ్ గేర్ (రోటర్‌ను నెమ్మదిగా తిప్పే మోటారు గేరు) దాన్ని తిప్పేస్తుంది. ఇక అక్కడి నుంచి ఎక్సెంట్రిసిటీ మీటరు చూస్తూ ఉండాలి. రోటర్ ఏమాత్రం వంగి ఉన్నా అది తిరుగుతుంటే ముల్లు ఊగుతుంది. 0.05 మిల్లీమీటర్ల లోపు వచ్చి గంటల తరబడి అక్కడే నిలబడితేనే ముందుకు. నిలబడకపోతే ఇంకాసేపు తిప్పడమే, దానికి అడ్డదారి లేదు.

తర్వాత నీళ్ల వైపు. కండెన్సర్ ట్యూబుల్లోకి చల్లటి నీళ్లు పంపే సర్క్యులేటింగ్ వాటర్ పంపు వేసేముందు, ట్యూబుల కొసల దగ్గరుండే వాటర్ బాక్సుల పైనున్న వెంట్ వాల్వులు తెరిచి ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూస్తాను. వెంట్ తెరవకుండా నీళ్లు వదిలితే వాటర్ బాక్సు పైభాగంలో గాలి చిక్కుకుని, పై వరస ట్యూబులకు నీళ్లు అందవు. బయటి నుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, పంపు ఆంపియర్లు కూడా సరిగ్గానే ఉంటాయి. తేడా రెండు రోజుల తర్వాత వాక్యూమ్‌లో బయటపడుతుంది. వెంట్ నుంచి బుడగలు ఆగి, నీళ్లు నిండుగా ధార కట్టాకే మూయాలి.

హాట్‌వెల్‌లో (కండెన్సర్ అడుగున నీరు చేరే తొట్టి) డీఎం నీళ్లు (లవణాలు తీసేసిన నీళ్లు) గేజి గాజులో సగం దాకా నింపి, ఆ నీటిని, అంటే కండెన్సేట్‌ను, తోడే కండెన్సేట్ పంపు వేస్తాం. ఇంకా ఆవిరే రాలేదు, పంపు ఎందుకని అడుగుతారు. ఎజెక్టర్‌లోనూ (ఆవిరి ధారతో కండెన్సర్‌లోని గాలిని లాగేసే పరికరం), గ్లాండ్ స్టీమ్ కండెన్సర్‌లోనూ (షాఫ్ట్ సీళ్ల నుంచి వచ్చే ఆవిరిని నీరు చేసేది) వేడిని తీసుకెళ్లేది ఈ కండెన్సేటే. అది ప్రవహించకుండా వాటిలోకి ఆవిరి వదిలితే ఆవిరి నీరుగా మారదు, ఎజెక్టర్ పని చేయదు. అందుకే రీసర్క్యులేషన్ వాల్వు తెరిచి, నీళ్లను హాట్‌వెల్‌లోకే తిప్పుతూ ఉంచుతాం.

ఇప్పుడు గ్లాండ్ సీలింగ్. షాఫ్ట్ కేసింగ్ నుంచి బయటికొచ్చే చోట లాబిరింత్ సీళ్లు ఉంటాయి. సన్నటి పళ్ల వరసలు, షాఫ్ట్‌కు తగలకుండా మిల్లీమీటరులో కొద్ది వంతుల దూరంలో. వాటి మధ్యలోకి బయటి గాలి ఒత్తిడి కన్నా కాస్త ఎక్కువలో, ఒక పదో వంతు బార్ లోపు తేడాతో, ఆవిరి పంపుతాం. బయటి గాలి లోపలికి రాకుండా ఆ ఆవిరే తలుపు వేసి ఉంచుతుంది. ఇక్కడ ఒక నియమం ఎప్పుడూ తప్పకూడదు: రోటర్ తిరగకుండా ఉన్నప్పుడు గ్లాండ్ స్టీమ్ ఇవ్వొద్దు. ఆగి ఉన్న షాఫ్ట్‌కు ఒకవైపే వేడి తగిలితే అది అక్కడే వంగిపోతుంది. మళ్లీ నిటారుగా చేయాలంటే రోజంతా బారింగ్ గేర్ మీద తిప్పాల్సి రావచ్చు. ఆవిరిలో తడి ఉన్నా ప్రమాదమే, కాబట్టి లైను డ్రెయిన్లలో నీళ్లు పోయి పొడి ఆవిరి వచ్చేదాకా ఆగాలి. హాట్ స్టార్ట్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. సీలు వేయకుండా వాక్యూమ్ లాగితే వేడి షాఫ్ట్ మీదికి చల్లటి గాలి దూసుకొస్తుంది. కాబట్టి అక్కడ సీలు ముందు, వాక్యూమ్ తర్వాత, అదీ లోహం వేడికి దగ్గరగా ఉన్న ఆవిరితోనే.

వాక్యూమ్ బ్రేకర్ (కావాలన్నప్పుడు కండెన్సర్‌లోకి గాలిని వదిలే వాల్వు) మూసి, దాని వాటర్ సీలు నింపి, స్టార్టింగ్ ఎజెక్టర్ తెరుస్తాం. కొన్ని చోట్ల ఎజెక్టర్ బదులు లిక్విడ్ రింగ్ పంపులుంటాయి, అప్పుడు రెండు పంపులూ కలిపి వేస్తాం. ముల్లు 1 బార్ నుంచి మొదట్లో చకచకా దిగుతుంది. 0.3 బార్ దాటాక నెమ్మదిస్తుంది, చివరి కొన్ని అంకెలకు మొదటి అంత టైమూ పడుతుంది. ఈ దశలో కండెన్సర్‌లో ఉన్నది దాదాపు గాలే. దాన్ని బయటికి తోడుతున్నది ఎజెక్టరే. చాలామంది మనసులో ఈ దృశ్యమే ముద్రపడిపోయి, వాక్యూమ్ అంటే ఎజెక్టర్ తయారుచేసేదని అనుకుంటారు. యంత్రం లోడ్ మీద ఉన్నప్పుడు ఆ మాట తప్పు. అప్పుడు వాక్యూమ్‌ను నిలబెట్టేది చల్లటి నీళ్లు. ఎజెక్టర్ పని లోపలికి చొరబడ్డ కాస్త గాలిని తీసేయడం వరకే. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే వాక్యూమ్ పడిపోయిన ప్రతిసారీ ముందు ఎజెక్టర్ దగ్గరికి పరుగెడతారు.

ఇక లెక్క. 100 బార్, 500 డిగ్రీల ఆవిరిని తీసుకోండి. కిలో ఆవిరిలో 3375 కిలోజౌళ్ల ఎంథాల్పీ (ఆవిరి మోసుకొచ్చే శక్తి) ఉంటుంది. నష్టాలేవీ లేని టర్బైన్‌లో దాన్ని 1 బార్ దాకా, అంటే దాదాపు బయటి గాలి ఒత్తిడి దాకా వ్యాకోచింపజేస్తే కిలోకు 983 కిలోజౌళ్ల పని వస్తుంది. అక్కడితో ఆపకుండా 0.1 బార్ దాకా దించితే 1285 వస్తుంది. మధ్యలో ఉన్న 302 కిలోజౌళ్లు, మొత్తంలో పావు వంతుకు కాస్త తక్కువ, గాలి ఒత్తిడి కన్నా కింద పుట్టిన పని. కండెన్సర్ లేకపోతే అది పొగగొట్టంలోంచి పోయినట్టే. బొగ్గు అదే, బాయిలర్ అదే, ఆవిరి అదే.

అంత తక్కువ ఒత్తిడి ఎలా వస్తుందంటే, నీటికి ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో ఆవిరి ఒత్తిడి ఉంటుంది. 46 డిగ్రీల దగ్గర అది 0.1 బార్. 33 డిగ్రీల దగ్గర 0.05. కండెన్సర్ లోపల ఆవిరి ఏ వేడి దగ్గర నీరవుతుందో, ఒత్తిడి ఆ వేడికి తగ్గట్టు కూర్చుంటుంది. 0.1 బార్ దగ్గర కిలో పొడి ఆవిరి 14.67 ఘనపు మీటర్ల చోటు పడుతుంది, అది నీరైతే లీటరుకు కాస్త ఎక్కువ. పద్నాలుగున్నర వేల రెట్లు కుంచించుకుపోతుంది. అలా ఖాళీ అయిన చోటే వాక్యూమ్. సెకను సెకనుకూ కొత్త ఆవిరి వచ్చి పడుతుంటే, సెకను సెకనుకూ ట్యూబుల మీద అది నీరవుతూ ఆ ఖాళీని నిలబెడుతుంది.

ఆవిరిని నీరు చేసే చోటు విడిగా ఉండాలన్నది మొదట పట్టుకున్నది జేమ్స్ వాట్. 1712లో వచ్చిన న్యూకమెన్ ఇంజనులో ఆవిరిని సిలిండరులోనే నీళ్లు చల్లి నీరు చేసేవారు. ప్రతి దెబ్బకూ సిలిండరు చల్లబడేది, మళ్లీ దాన్ని వేడి చేయడానికే చాలా ఆవిరి ఖర్చు. 1765లో వాట్‌కు కండెన్సర్‌ను విడిగా పెట్టాలనే ఆలోచన వచ్చింది, 1769లో పేటెంటు తీసుకున్నాడు. వేడి భాగం ఎప్పుడూ వేడిగా, చల్లటి భాగం ఎప్పుడూ చల్లగా. ఈనాటి టర్బైన్ కింద కండెన్సర్ కూడా ఆ సూత్రం మీదే ఉంది.

ఆవిరిని నీరుగా మార్చేటప్పుడు కిలోకు 2000 కిలోజౌళ్లకు పైగా వేడిని కూలింగ్ టవర్‌కు పారేస్తున్నాం కదా, ఆవిరినే మళ్లీ బాయిలర్‌లోకి నొక్కేస్తే వేడి మిగులుతుంది కదా అని అడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మంచి ప్రశ్న. నీటిని 100 బార్‌కు నొక్కడానికి కిలోకు సుమారు 10 కిలోజౌళ్లు చాలు, ఎందుకంటే నీళ్లు పట్టే చోటు అంత తక్కువ. అదే ఆవిరిగా నొక్కాలంటే టర్బైన్ ఇచ్చిన పనంతా తిరిగి కంప్రెసర్‌కే ఇచ్చేయాలి, నష్టాలు కలిస్తే అదీ చాలదు. 1285 సంపాదించి 10 ఖర్చు పెట్టడం ఆవిరిని నీరు చేయడం వల్లే కుదురుతోంది. పారేసిన వేడి దానికి కట్టే మూల్యం.

రోలింగ్‌కు, అంటే టర్బైన్‌ను ఆవిరితో తిప్పడానికి, వద్దాం. స్టాప్ వాల్వు ముందు ఆవిరి ఆ ఒత్తిడి దగ్గర మరిగే ఉష్ణోగ్రత కన్నా కనీసం 50 డిగ్రీలు పైన ఉండాలి. లేదంటే చల్లటి లోహం తగిలిన చోట నీటి బొట్లవుతుంది, ఆ బొట్లు బ్లేడ్లకు రాళ్లలా తగులుతాయి. కేసింగ్ డ్రెయిన్లు, మెయిన్ స్టీమ్ లైను డ్రెయిన్లు అన్నీ తెరిచి ఉంచుతాం. 500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి ట్రిప్ చేసి (ఆవిరిని ఒక్కసారిగా ఆపి), ఆవిరి శబ్దం ఆగాక గ్లాండ్ల దగ్గర చెవిపెట్టి వింటాం. లోపల ఎక్కడైనా రాసుకుంటుంటే సన్నటి కీచు, లేదా గరగర వినిపిస్తుంది. సెన్సార్లు ఎన్ని ఉన్నా ఈ వినడం నేను మానలేదు. మళ్లీ రోల్ చేసి తయారీదారు చెప్పిన వేగం దగ్గర సోకింగ్: రోటర్ లోపలి దాకా వేడెక్కే టైము ఇవ్వాలి. రోటర్ బరువు తక్కువ, ఆవిరి చుట్టూ తగులుతుంది, కాబట్టి కేసింగ్ కన్నా త్వరగా సాగుతుంది. ఆ తేడానే డిఫరెన్షియల్ ఎక్స్‌పాన్షన్. అది హద్దు దాటితే తిరిగే బ్లేడ్లు నిలిచి ఉన్న డయాఫ్రంలకు (నాజిళ్లున్న పలకలకు) తగులుతాయి. క్రిటికల్ స్పీడ్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకూడదు, అక్కడ రోటర్ తన సహజ కంపనంతో గొంతు కలుపుతుంది.

3000 ఆర్‌పీఎం చేరాక, సింక్ అయ్యేలోపు, అంటే గ్రిడ్‌కు కలిసేలోపు, కంటికి కనిపించని ప్రమాదం ఒకటుంది. లోడ్ లేదు కాబట్టి టర్బైన్‌లోకి పోయే ఆవిరి చాలా తక్కువ. పొడవాటి ఎల్‌పీ బ్లేడ్లకు ఆ ఆవిరి చాలదు. అవి దాని నుంచి పని తీసుకోవు సరికదా, దాన్నే చిలికి వేడి చేస్తాయి. ఎగ్జాస్ట్ హుడ్ (ఎల్‌పీ నుంచి ఆవిరి కండెన్సర్‌లోకి దిగే గది) ఉష్ణోగ్రత ఎక్కుతూ పోతుంది. 70, 80 డిగ్రీల మధ్య హుడ్ స్ప్రే తెరుచుకోవాలి. వాక్యూమ్ బలహీనంగా ఉంటే హుడ్‌లో ఆవిరి చిక్కగా ఉండి ఈ చిలకడం ఇంకా ఎక్కువవుతుంది, చివరి వరస బ్లేడ్లు అదిరిపోతాయి. అందుకే వాక్యూమ్ తక్కువ ఉన్నప్పుడు రోల్ చేయొద్దంటాం, సింక్ అవ్వగానే కనీసం 5 నుంచి 10 శాతం లోడ్ ఎత్తమంటాం. ఆవిరి ప్రవాహం పెరిగితే హుడ్ దానంతటదే చల్లబడుతుంది.

లోడ్ పెరుగుతుంటే లోపల జరిగేది రెండు మాటల్లో. నాజిల్ ఒత్తిడిని ఆవిరి వేగం కింద మారుస్తుంది, బ్లేడు ఆ వేగాన్ని తిప్పే బలంగా మారుస్తుంది. ఎంథాల్పీలో 100 కిలోజౌళ్లు వదిలితే ఆవిరికి సెకనుకు 447 మీటర్ల వేగం వస్తుంది. 1285 అంతా ఒకే నాజిల్‌లో వదిలితే 1600 మీటర్లు. ఇంపల్స్ బ్లేడు (ఆవిరి ధార తాకిడితో కదిలేది) ఆవిరి వేగంలో దాదాపు సగంతో కదిలితేనే ఎక్కువ పని తీసుకుంటుంది, అంటే 800 మీటర్లు. అంత వేగంతో తిరిగే పెద్ద చక్రాన్ని ఏ లోహమూ పట్టి ఉంచలేదు. అందుకే ఒత్తిడిని చిన్న చిన్న మెట్లుగా విడగొడతారు. 1884లో చార్లెస్ పార్సన్స్ చేసిన మొదటి టర్బైన్ గొప్పతనం ఆ మెట్లలోనే ఉంది. అయినా అది చిన్న యంత్రం కాబట్టి 18,000 ఆర్‌పీఎంతో తిరిగేది.

చివరి మెట్టు సంగతి కాస్త దగ్గరగా చూడాలి. లోపలికి వచ్చేటప్పుడు కిలో ఆవిరి 33 లీటర్ల చోటులో ఒదిగి ఉంటుంది. కండెన్సర్ దగ్గరికి చేరేసరికి పన్నెండు ఘనపు మీటర్లు దాటుతుంది, దాదాపు నాలుగు వందల రెట్లు. అందుకే హెచ్‌పీలో అరచేతిలో పట్టే బ్లేడ్లు ఎల్‌పీలో మనిషి ఛాతీ దాకా వస్తాయి. అందుకే ఎల్‌పీని మధ్యలోంచి రెండు వైపులకూ ప్రవహించేలా కడతారు. బ్లేడు కొసలు 3.5 మీటర్ల వ్యాసం ఉన్న వలయంలో 3000 ఆర్‌పీఎంతో తిరిగితే కొస వేగం సెకనుకు 550 మీటర్లు. అక్కడ ఒక్క గ్రాము లోహం 17 కిలోలకు పైబడిన బలంతో బయటికి లాగుతుంది.

అంత వేగంలో తడి తగిలితే ఏమవుతుందో ఓవర్‌హాల్‌లో చూడాలి. ముందు చెప్పిన 100 బార్ ఆవిరి సామర్థ్యం 87 శాతం ఉన్న టర్బైన్‌లో 0.1 బార్‌కు దిగేసరికి అందులో 14 శాతం నీరుంటుంది. 12 శాతం దాటితే మంచిది కాదు. నీటి బొట్లు ఆవిరంత వేగంగా కదల్లేవు, వెనకబడతాయి. దూసుకొచ్చే బ్లేడు ముందు అంచు, ఉబ్బెత్తుగా ఉండే వీపు వైపున, వాటిని ఢీకొంటుంది. కొస దగ్గర అంచు రంపం పళ్లలా అరిగిపోయి, వేలితో తాకితే గరుకుగా గుచ్చుకుంటుంది. అక్కడ స్టెల్లైట్ అనే గట్టి మిశ్రమ లోహపు పట్టీ అతికించడం, ఆవిరిని మధ్యలో రీహీట్ చేయడం, ఈ రెండూ దీనికోసమే. తడి వల్ల పని కూడా పోతుంది, 1 శాతం తడికి ఆ మెట్టు సామర్థ్యంలో దాదాపు 1 శాతం.

వాక్యూమ్ ఎంత బాగుంటే అంత లాభమా అంటే, ఒక హద్దు దాకానే. చివరి బ్లేడు దాటే ఆవిరి వేగం ధ్వని వేగాన్ని అందుకున్నాక ఒత్తిడి ఇంకా దించినా అదనపు పని రాదు. పైగా కండెన్సేట్ మరీ చల్లబడి, దాన్ని వేడి చేయడానికి ఎక్కువ ఎక్స్‌ట్రాక్షన్ ఆవిరి (టర్బైన్ మధ్యలోంచి హీటర్లకు తీసే ఆవిరి) పడుతుంది.

లోడ్ మీద కండెన్సర్‌కు కావాల్సిన నీళ్లెన్నో ఎవరైనా చేతి లెక్కతో తేల్చొచ్చు. కిలో ఆవిరి వదిలే వేడి సుమారు 2100 కిలోజౌళ్లు. కిలో నీరు 10 డిగ్రీలు వేడెక్కితే 42 తీసుకుంటుంది. అంటే కిలో ఆవిరికి 50 కిలోల నీళ్లు. గంటకు 400 టన్నుల ఆవిరి వచ్చి పడితే 20,000 టన్నుల నీళ్లు తిరగాలి. ప్లాంటులో అతి లావు పైపులు చల్లటి నీళ్లవే కావడానికి కారణం ఇదే.

ఈ నీళ్ల వైపు నుంచే వాక్యూమ్ జబ్బుల్లో చాలా భాగం తెలుస్తుంది. నేను ప్రతి షిఫ్టులో నాలుగు ఉష్ణోగ్రతలు రాసుకుంటాను: నీళ్లు లోపలికి వచ్చేది, బయటికి పోయేది, కండెన్సర్ ఒత్తిడికి సరిపోయే శాచురేషన్ ఉష్ణోగ్రత (ఆ ఒత్తిడి దగ్గర ఆవిరి నీరయ్యే వేడి), హాట్‌వెల్‌లో కండెన్సేట్‌ది. నీళ్ల వేడి పెరుగుదల 10 నుంచి 13, 14 అయితే నీళ్లు తగ్గాయి. ట్యూబ్ షీటు మీద చెత్త పట్టింది, లేదా వాటర్ బాక్సులో గాలి చిక్కింది, లేదా పంపు బలహీనపడింది. పెరుగుదల మామూలుగానే ఉండి, శాచురేషన్‌కూ బయటికి పోయే నీళ్లకూ మధ్య తేడా, అంటే టీటీడీ, 4, 5 నుంచి 8, 10కి వెళ్తే వేడి దాటడానికి ఏదో అడ్డుపడుతోంది. ఆ అడ్డు ట్యూబు లోపల పేరుకున్న పాచి, సున్నం కావచ్చు, ట్యూబు బయట చుట్టుకున్న గాలి కావచ్చు.

ఈ రెంటినీ విడదీయడంలోనే అనుభవం పని చేస్తుంది. పాచి వారాల్లో పెరుగుతుంది, గాలి నిమిషాల్లో. గాలి చేరితే లోపలి ఒత్తిడి ఆవిరిదీ గాలిదీ కలిపి ఉంటుంది కాబట్టి, మీటరు చూపే ఒత్తిడికి సరిపోయేంత వేడి కండెన్సేట్‌లో ఉండదు. హాట్‌వెల్ చల్లగా కనిపిస్తుంది. కండెన్సేట్‌లో కరిగిన ఆక్సిజన్ ఎక్కుతుంది. ఎజెక్టర్‌కు వెళ్లే గాలి పైపు చల్లబడుతుంది. లోడ్ తగ్గించి చూడటం ఇంకో పరీక్ష. పాచి అయితే లోడ్‌తో పాటు టీటీడీ తగ్గుతుంది. గాలి అయితే తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. లోడ్ తగ్గేకొద్దీ టర్బైన్‌లో గాలి ఒత్తిడి కన్నా కిందున్న భాగం పెరిగి, హీటర్లు, ఎక్స్‌ట్రాక్షన్ లైన్ల ఫ్లాంజిలు కూడా వాక్యూమ్ కిందికి వస్తాయి కదా. హాట్‌వెల్ చల్లబడటానికి ఇంకో కారణం ఉంది, అది మర్చిపోవద్దు: లెవెల్ పెరిగి కింది ట్యూబులు మునిగితే కండెన్సేట్ మళ్లీ చల్లబడుతుంది. ముందు గేజి గాజు చూసి, తర్వాతే గాలి మీద అనుమానపడాలి.

ఎజెక్టర్ దోషమా కాదా అన్నది తేల్చడం సులువు. గాలి పైపు వాల్వు మూసి, ఎజెక్టర్ ఒక్కటే ఎంత లాగుతుందో చూడండి. అక్కడ బాగా లాగితే దాని తప్పు లేదు. లాగకపోతే నాజిల్ అరిగిందా, ఆవిరి ఒత్తిడి తగ్గిందా, ఇంటర్ కండెన్సర్ డ్రెయిన్ యూ లూపులో నీళ్ల సీలు పోయిందా అని వరసగా చూడాలి. లిక్విడ్ రింగ్ పంపు అయితే సీల్ నీళ్ల వేడి చూడండి. ఆ నీళ్లు 40 డిగ్రీలు ఉంటే వాటి ఆవిరి ఒత్తిడే 0.074 బార్, అంతకన్నా కిందికి ఆ పంపు ఎంత తిరిగినా లాగలేదు. పంపు మీద నింద వేసేముందు సీల్ నీళ్ల కూలర్ శుభ్రం చేయించండి.

ట్యూబు చిల్లు పడితే కథ వేరు. వాక్యూమ్ మారదు, కండెన్సేట్ కండక్టివిటీ (నీటిలో లవణాలు ఏపాటి ఉన్నాయో చెప్పే కొలత) ఎక్కుతుంది, ఎందుకంటే బయటి నీళ్లు లోపలికి పీల్చబడతాయి. చిల్లు చిన్నదైతే సర్క్యులేటింగ్ నీళ్లలో రంపపు పొట్టు కలిపితే అది చిల్లు దగ్గరికి లాగబడి తాత్కాలికంగా అడ్డుకుంటుంది. లోడ్ తగ్గించి ఒక సగం కండెన్సర్‌ను నీళ్ల నుంచి వేరు చేసి, వాటర్ బాక్సు తెరిచి, ట్యూబ్ షీటు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిస్తే చిల్లున్న ట్యూబు దగ్గర కాగితం లోపలికి గుంట పడుతుంది. ట్యూబు రెండు కొసలకూ ప్లగ్గులు కొట్టాలి. ఒక్క కొసకే కొట్టి మర్చిపోయిన సందర్భాలున్నాయి, అందుకే రెండు వైపులా ట్యూబు నంబరు సుద్దతో రాయమంటాను.

ఇప్పుడు ఒక గాలి లీకు పట్టుకున్న తీరు, అంకెలతో సహా. లోడ్ నిలకడగా ఉంది. కండెన్సర్ ఒత్తిడి 0.085 బార్, శాచురేషన్ 42.7 డిగ్రీలు. నీళ్లు లోపలికి 28, బయటికి 38. హాట్‌వెల్ 42. నలభై నిమిషాల్లో ఒత్తిడి 0.115కు ఎక్కింది, శాచురేషన్ 48.6 అయింది. నీళ్లు అవే 28, 38. టీటీడీ 4.7 నుంచి 10.6కు. హాట్‌వెల్ మాత్రం 43.5 దగ్గరే ఉంది, అంటే 5 డిగ్రీలు చల్లగా. లెవెల్ మామూలే. ఎజెక్టర్ గాలి పైపు 37 నుంచి 31కి చల్లబడింది. ఇంత వేగంగా రావడం పాచి పని కాదు, నీళ్ల తక్కువ కాదు. గాలే.

నేను వాక్యూమ్ డికే పరీక్ష చేసి లీకు ఎంతుందో తేలుస్తాను. గాలి పైపు వాల్వు కొన్ని నిమిషాలు మూసి, ఒత్తిడి ఎంత వేగంతో ఎక్కుతుందో చూడటం. నిమిషానికి 1 మిల్లీబార్ లోపు ఎక్కితే బిగుతుగా ఉన్నట్టు, 3 దాటితే వెతకాల్సిందే అన్నది నేను పాటించే లెక్క. అప్పటికే ఒత్తిడి ఎక్కువగా ఉంది కాబట్టి ట్రిప్ హద్దుకు దూరంగా ఉండేలా, మూడు నిమిషాలే మూశాం. నిమిషానికి 6 చూపింది.

వెతకడానికి ఒక వరస పెట్టుకోవాలి. ముందు ఈ షిఫ్టులో ఎవరు ఏ వాల్వు తిప్పారో లాగ్ బుక్కులో చూడాలి. తర్వాత గ్లాండ్ స్టీమ్ హెడర్ ఒత్తిడి, ఎల్‌పీ గ్లాండ్లు. ఆ తర్వాత స్టాండ్‌బై కండెన్సేట్ పంపు గ్లాండ్‌కు సీల్ నీళ్లు ఉన్నాయా. ఆగి ఉన్న పంపు సక్షన్ కూడా వాక్యూమ్ కిందే ఉంటుందని చాలామందికి తోచదు. తర్వాత ఎల్‌పీ హుడ్ మీది రప్చర్ డయాఫ్రంలు, టర్బైన్‌కూ కండెన్సర్‌కూ మధ్య బెల్లోస్, ఫ్లాష్ ట్యాంకు డ్రెయిన్లు, హాట్‌వెల్ గేజి గాజు గ్లాండ్లు. హీలియం డిటెక్టర్ ఉంటే ఒకరు అనుమానమున్న చోట వాయువు కొద్దికొద్దిగా వదులుతూ వస్తే, ఇంకొకరు ఎజెక్టర్ గాలి బయటికొచ్చే చోట మీటరు పట్టుకుంటారు. పై నుంచి కిందికి రావాలి, ఎందుకంటే కింద వదిలిన హీలియం పైకి ఎగిరి పైనున్న లీకును చూపిస్తుంది. యంత్రం ఆగి ఉంటే నీళ్లతో నింపి చూడటం కన్నా నమ్మకమైనది లేదు, కానీ స్ప్రింగుల మీద కూర్చున్న కండెన్సర్‌కైతే నీళ్లు నింపేముందు కింద ఆనింపులు పెట్టాలి. లేదంటే ఆ నీళ్ల బరువంతా స్ప్రింగుల మీద పడుతుంది.

ఆ రోజు హీలియం దాకా వెళ్లలేదు. లాగ్ బుక్కులో ఏమీ లేదు, గ్లాండ్ హెడర్ బాగుంది, స్టాండ్‌బై పంపుకు సీల్ నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. వాక్యూమ్ బ్రేకర్ దగ్గర మాత్రం సీలు ఓవర్‌ఫ్లో గరాటు ఎండిపోయి ఉంది. మామూలుగా అందులో పెన్సిలంత సన్నటి ధార పడుతూ ఉండాలి. వాల్వు డిస్కు మీద నిలిచి ఉండే ఆ నీళ్లే గాలిని ఆపేది. నింపే లైనులోని చిన్న వాల్వు దాదాపు మూసుకుపోయి ఉంది. యంత్రాల హోరులో గాలి పీల్చే శబ్దం ఏమీ వినపడలేదు. డిస్కు పైన పల్చటి కాగితం ముక్క పట్టుకుంటే అది చటుక్కున అంచుకు అతుక్కుంది.

నింపే వాల్వు ఒకటిన్నర చుట్టు తెరిచాం. మొదటి మూడు, నాలుగు నిమిషాలు ఓవర్‌ఫ్లో రాలేదు, పోసిన నీళ్లన్నీ సీటు సందులోంచి లోపలికే పోయాయి. తర్వాత గరాటులో ఒక బొట్టు, ఆ వెనకే ధార. ఇరవై నిమిషాల్లో ఒత్తిడి 0.087కు దిగింది. కరిగిన ఆక్సిజన్ మామూలు అంకెకు రావడానికి షిఫ్టంతా పట్టింది. 0.1 నుంచి 0.12కు ఎక్కితే ముందు చెప్పిన ఆదర్శ లెక్కలో కిలోకు 20 కిలోజౌళ్లకు పైగా పోతాయి, అంటే సుమారు 1.7 శాతం. ఆ సన్నటి ధార ఆగడం వల్ల పోయింది ఇంతకన్నా ఎక్కువే.

తర్వాతి షట్‌డౌన్‌లో వాల్వు విప్పితే రబ్బరు సీటు మీద ఆవగింజంత వెల్డింగు పూస ఒకటి కూరుకుని ఉంది, దాని పక్కనే డిస్కు అంచు పొడవునా గాలి కోసిన సన్నటి గీత. సీటు మార్చాం, డిస్కును ల్యాపింగ్‌తో (సన్నగా అరగదీసి) నునుపు చేయించాం, నింపే లైను చిన్న వాల్వు హ్యాండిల్‌కు తెరిచిన స్థితిలోనే గొలుసు కట్టాం. గరాటులో ధార పడుతోందా లేదా అన్నది షిఫ్టు రీడింగు పుస్తకంలో ఇప్పుడు ఒక విడి గడి.